ఒక్క మొక్కతో పదిహేనేళ్లు



గత నెల ఏడో తరగతిలో మొక్కల పోషణ పాఠం చెబుతున్నాను. కీటకాహార మొక్కల దగ్గరికి వచ్చేసరికి బెల్ కొట్టడానికి ఎనిమిది నిమిషాలే ఉంది. నెపెంథిస్, డ్రోసెరా, యుట్రిక్యులేరియా అని బోర్డు మీద రాసి, పేర్లు అండర్‌లైన్ చేసుకోమన్నాను. వెనక బెంచీలోంచి ఒక బాబు చెయ్యెత్తాడు. డ్రోసెరా ఆకు మీద ఈగ వాలితే ముడుచుకుంటుంది కదా మిస్, మరి వాన చినుకు పడినా ముడుచుకుంటుందా, వాలింది ఈగో చినుకో దానికెలా తెలుస్తుంది అని అడిగాడు.

నాకు జవాబు తెలియదు. ఆ మాట ఒప్పుకుంటే సరిపోయేది. నేను ఒప్పుకోలేదు. అది పరీక్షలో రాదు, కూర్చో అన్నాను. కూర్చున్నాడు. మళ్లీ ఆ రోజంతా చెయ్యెత్తలేదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్లాక మనసు ఒప్పక వెతికాను. అచ్చం ఆ ప్రశ్ననే 1860లో 51 ఏళ్ల మనిషి ఒకాయన తనకు తాను వేసుకున్నారని, దానికీ అలాంటి మరికొన్ని ప్రశ్నలకీ జవాబులు వెతికి పుస్తకంగా తెచ్చేసరికి పదిహేనేళ్లు పట్టిందని తెలిసింది. ఆయన చార్లెస్ డార్విన్. ఆ పేరు వినగానే మీకు కోతి బొమ్మ, పరిణామ సిద్ధాంతం గుర్తొస్తాయి. ఈ నెల నేను ఆ కథ చెప్పడం లేదు. ఒక తండ్రి, ఆయన పిల్లలు, రూపాయి బిళ్లలో సగం కూడా లేని ఆకులున్న ఒక మొక్క గురించి చెబుతాను.

మార్కుల్లో వెనకబడ్డ డాక్టరుగారబ్బాయి

చార్లెస్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి రాబర్ట్ డార్విన్ ఆ ఊళ్లో పేరున్న డాక్టరు. డబ్బుకు లోటు లేని ఇల్లు. ఎనిమిదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. అక్కలు పెంచారు.

బడిలో అప్పట్లో లాటిన్, గ్రీకు తప్ప వేరే లోకం లేదు. పద్యాలు బట్టీ పట్టాలి, అప్పజెప్పాలి. చార్లెస్ బట్టీ పట్టేవాడు, రెండు రోజుల్లో మరిచిపోయేవాడు. అతని మనసంతా గవ్వలు, రాళ్లు, పురుగులు ఏరడం మీదే. అన్న ఎరాస్మస్‌తో కలిసి ఇంటి తోటలోని పనిముట్ల గదిలో చిన్న కెమిస్ట్రీ ల్యాబ్ పెట్టుకున్నాడు. సంగతి బడిలో తెలిసింది. తోటి పిల్లలు అతనికి గ్యాస్ అని పేరు పెట్టారు. హెడ్‌మాస్టరు అందరి ముందూ నిలబెట్టి, పనికిరాని వాటి మీద కాలం పాడుచేస్తున్నాడని మందలించారు.

తండ్రి కూడా విసిగిపోయారు. వేట, కుక్కలు, ఎలుకలు పట్టడం తప్ప నీకు వేరే ధ్యాస లేదు, నీ పరువూ తీస్తావు, ఇంటి పరువూ తీస్తావు అని ఒకసారి గట్టిగా కోప్పడ్డారు. ఆ మాట చార్లెస్‌కు ముసలితనం దాకా గుర్తుండిపోయింది. అలాగని తండ్రి మీద పగ పెట్టుకోలేదు. తనకు తెలిసిన వాళ్లలో అంత మంచి మనసున్న మనిషి లేడని, ఆ రోజు కోపంలో కాస్త అన్యాయంగా మాట్లాడి ఉంటారని రాసుకున్నారు. పిల్లల మీద మనం ఒక్కసారి విసిరే మాట ఎంతకాలం నిలుస్తుందో దీన్నిబట్టి చూడండి.

పదహారేళ్లకు డాక్టరు చదువు కోసం ఎడిన్‌బరో పంపారు. అప్పటికి మత్తుమందు రాలేదు. ఒక చిన్నపిల్లకు మెలకువలోనే చేస్తున్న ఆపరేషన్ చూసి అతను గదిలోంచి పరుగెత్తి వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు. డాక్టరు కాకపోతే చర్చి ఫాదరీ అయినా అవుతాడని తండ్రి 1828లో కేంబ్రిడ్జికి మార్పించారు. అక్కడ కూడా తరగతుల కంటే బీటిల్ పురుగులే ఎక్కువ ఆకట్టుకున్నాయి. ఒకసారి రెండు చేతుల్లో రెండు అరుదైన పురుగులు పట్టుకుని ఉండగా మూడోది కనిపించిందట. దాన్ని వదల్లేక చేతిలోది ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. అది నోట్లో మంట పుట్టించే ద్రవం వదిలింది. ఉమ్మేయక తప్పలేదు. మూడోదీ పోయింది.

అయితే కేంబ్రిడ్జిలో ఒక మంచి జరిగింది. జాన్ హెన్స్‌లో అనే వృక్షశాస్త్ర ప్రొఫెసరు ఈ కుర్రవాడిలో ఏదో ఉందని గమనించారు. రోజూ వెంట తిప్పుకుని మొక్కలు చూపించారు. 1831లో బీగిల్ అనే ఓడ ప్రపంచయాత్రకు బయలుదేరుతుంటే చార్లెస్ పేరు సూచించింది ఆయనే. తండ్రి మొదట వద్దన్నారు. తెలివైన వాడు ఒక్కడైనా వెళ్లమంటే ఒప్పుకుంటానన్నారు. మేనమామ జోసయ్య వెడ్జ్‌వుడ్ ఆ ఒక్కడయ్యారు. బావగారికి నచ్చజెప్పారు. తండ్రి మాట మార్చుకోవడమే కాదు, ఖర్చంతా భరించారు. ఆ ప్రయాణం 1836 దాకా, దాదాపు అయిదేళ్లు సాగింది. ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే.

ఇల్లే ల్యాబ్

1839లో మేనమామ కూతురు ఎమ్మాను పెళ్లి చేసుకున్నారు. 1842లో లండన్‌కు దూరంగా, కెంట్ జిల్లాలోని డౌన్ అనే పల్లెలో ఇల్లు కొనుక్కుని జీవితాంతం అక్కడే ఉన్నారు. ఆరోగ్యం సరిగా ఉండేది కాదు. కడుపులో వికారం, వాంతులు, నీరసం ఎప్పుడూ వెంటాడేవి. రోజుకు కొన్ని గంటలు మాత్రమే పనిచేయగలిగేవారు.

పదిమంది పిల్లలు పుట్టారు. ఆ ఇల్లు గంభీరమైన శాస్త్రవేత్త ఇల్లులా ఉండేది కాదు. మెట్ల మీద జారడానికి పిల్లలకు చెక్క జారుడుబల్ల చేయించారు. తోటలో తుమ్మెదలు ఏ దారిన వెళ్తున్నాయో తెలుసుకోవాలనుకున్నప్పుడు పిల్లల్ని తలా ఒక చోట నిలబెట్టి, తుమ్మెద తమ ముందు నుంచి పోగానే కేకేయమనేవారు. ప్రపంచాన్ని కదిలించిన ఆ పెద్ద పుస్తకం చిత్తుప్రతి కాగితాల వెనక పిల్లలు కూరగాయల సైనికుల బొమ్మలు వేసుకున్నారు. అలా బొమ్మలు ఉండటం వల్లే ఆ చిత్తు కాగితాలు కొన్ని ఈ రోజుకీ మిగిలాయి.

ఆ ఇంట్లో దుఃఖం కూడా ఉంది. ముగ్గురు పిల్లలు చిన్నతనంలోనే పోయారు. అందులో ఆనీ పదేళ్ల పిల్ల. 1851లో జబ్బు చేస్తే వైద్యం కోసం మాల్వర్న్ అనే ఊరు తీసుకెళ్లారు. ఏప్రిల్ 23న ఆ పిల్ల తండ్రి పక్కన ఉండగానే కన్నుమూసింది. డార్విన్ ఆ దెబ్బ నుంచి పూర్తిగా ఎన్నడూ తేరుకోలేదు. తన జబ్బే పిల్లలకు వస్తోందేమో, మేనరికం వల్ల ఇలా అవుతోందేమో అన్న అనుమానం ఆయన్ను జీవితాంతం తినేసింది.

1860లో మరో కూతురు మంచం పట్టింది. ఎట్టీ అని పిలుచుకునే హెన్రియెట్టా. పదహారేళ్లు. జ్వరం నెలల తరబడి వదల్లేదు. అప్పటికి ఆయన పెద్ద పుస్తకం వచ్చి ఏడాది కూడా కాలేదు. దేశమంతా దాని మీద వాదించుకుంటోంది. ఆయన మాత్రం గాలి మార్పు కోసం కూతుర్ని తీసుకుని, ససెక్స్ జిల్లాలోని హార్ట్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఉన్న ఎమ్మా అక్కగారింటికి వెళ్లారు. మీ పిల్లలు చూసే వినీ ద పూ కార్టూన్‌లో ఎలుగుబంటి తిరిగే అడవి ఈ చుట్టుపక్కలదే. ఆ కథలు రాసిన మిల్న్ తర్వాతి కాలంలో ఈ ఊళ్లోనే ఇల్లు కొనుక్కున్నారు.

హార్ట్‌ఫీల్డ్ బురదనేలలో

హార్ట్‌ఫీల్డ్ పక్కన యాష్‌డౌన్ ఫారెస్ట్ ఉంది. పేరుకు ఫారెస్ట్ గానీ చాలావరకు పెద్ద చెట్లు లేని పొదల మైదానం. పల్లంలో నీరు నిలిచే చోట్ల స్ఫాగ్నమ్ అనే నాచు దట్టంగా పెరుగుతుంది. అది స్పాంజిలా నీరు పట్టి ఉంచుతుంది. కింద వందల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న నాచు పొరలు నల్లటి మట్టిలా ఉంటాయి. దాన్ని పీట్ అంటారు. ఆ నీరు పుల్లగా, ఆమ్లంతో ఉంటుంది. మొక్కకు కావలసిన నత్రజని ఆ నేలలో దాదాపు దొరకదు. మామూలు పంట మొక్కను అక్కడ పెడితే బతకదు.

అలాంటి చోట పెరుగుతుంది డ్రోసెరా రొటుండిఫోలియా, అంటే గుండ్రటి ఆకుల డ్రోసెరా. ఇంగ్లీషులో దీన్ని సన్‌డ్యూ అంటారు, ఎండలోనూ ఆరని మంచు అన్న అర్థంలో. నేలకు అతుక్కుని కొన్ని ఆకులు చక్రంలా పరుచుకుని ఉంటాయి. ప్రతి ఆకు మీదా ఎర్రటి వెంట్రుకల్లాంటి కాడలు, ఒక్కో కాడ చివర ఒక్కో జిగురు బొట్టు. ఎండపడితే ఆకంతా మంచు కురిసినట్టు మెరుస్తుంది. మధ్యలోంచి సన్నటి కాడ పైకి లేచి చిన్న తెల్లటి పూలు పూస్తుంది. వేళ్లు మాత్రం పేరుకే. అంగుళం పొడవు కూడా ఉండని రెండు మూడు పోగులు. నీళ్లు తాగడానికి తప్ప మరెందుకూ పనికిరావేమో అనిపిస్తుంది.

డార్విన్ అక్కడ తిరుగుతూ, ఈ ఆకుల మీద ఇన్ని పురుగులు చచ్చి ఉన్నాయేమిటా అనుకున్నారు. అంతకుముందు కూడా చాలామంది చూసి అలాగే అనుకున్నారు. ఆయన ఇంకో అడుగు వేశారు. చేతికందిన పన్నెండు మొక్కలు తీసుకుని లెక్కపెట్టారు. వాటికి పూర్తిగా విచ్చుకున్న ఆకులు 56. అందులో 31 ఆకుల మీద పురుగులో, పురుగుల అవశేషాలో ఉన్నాయి. సగానికి పైగా. ఇది ఏదో యాదృచ్ఛికంగా జరిగేది కాదని ఆయనకు అర్థమైంది.

పక్కగదిలో కూతురు జ్వరంతో ఉంది. తొమ్మిదేళ్ల కిందట ఒక కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి. ఆ వేసవిలో ఆయన మనసుకు కాస్త ఊరటనిచ్చింది ఈ మొక్కేనని నాకనిపిస్తుంది. ఆయన పళ్లెంలో మొక్కలు పెట్టుకుని, ఏ ఆకుకు ఏం తినిపించాలా అని గంటలు గడిపేవారు. ఎమ్మా తన స్నేహితురాలికి రాస్తూ, ఈయన డ్రోసెరాను ప్రాణమున్న జంతువులాగే చూసుకుంటున్నారని, చివరికి అది జంతువేనని నిరూపించేలా ఉన్నారని నవ్వుకున్నారు. డార్విన్ కూడా ఆ నవంబరులో ఒక స్నేహితుడికి, లోకంలోని జీవజాతులన్నీ ఎలా పుట్టాయన్న దానికంటే తనకిప్పుడు డ్రోసెరా మీదే ఎక్కువ పట్టింపుగా ఉందని రాశారు.

ఎట్టీ కోలుకుంది. తండ్రి తర్వాతి పుస్తకం చిత్తుప్రతిని చదివి తప్పులు దిద్దేంత సమర్థురాలైంది. 84 ఏళ్లు బతికింది.

ఆకు ఏం తింటుంది?

మన ఇళ్లలో చిన్నపిల్లాడు కుక్కకు ఇడ్లీ పెట్టి చూస్తాడు, తర్వాత చాక్లెట్ పెట్టి చూస్తాడు, తర్వాత రబ్బరు ముక్క పెడతాడు. మనం కేకలేస్తాం. డార్విన్ డ్రోసెరాతో చేసింది దాదాపు అదే. కాకపోతే ప్రతిసారీ గడియారం చూసి రాసుకున్నారు.

చక్కెర నీళ్లు, గంజి, బంక, ఆలివ్ నూనె, టీ డికాషన్ బొట్లు వేశారు. ఆకు కదల్లేదు. పాలు, గుడ్డు తెల్లసొన, పచ్చి మాంసం నానబెట్టిన నీళ్లు, లాలాజలం వేశారు. కాడలు వంగాయి. మొదటి జాబితాలో నత్రజని లేదు, లేదా లెక్కలోకి రానంత తక్కువ. రెండో జాబితాలో ఉంది. నేల ఇవ్వని దాన్ని మొక్క గాలిలో ఎగిరే వాటినుంచి తెచ్చుకుంటోందన్న మాట. ఇక్కడ పిల్లలు ఎక్కువగా పొరబడేది ఒకటుంది. డ్రోసెరా కూడా ఆకుపచ్చ మొక్కే. మిగతా మొక్కల్లా ఎండలో తన పిండిపదార్థం తనే తయారుచేసుకుంటుంది. పురుగులు దానికి అన్నం కాదు, నత్రజని, భాస్వరం లాంటి ఎరువు.

అంచున ఉన్న కాడ మీద పచ్చిమాంసం ముక్క పెడితే పది సెకన్లలో కదలడం మొదలవుతుంది. అయిదు నిమిషాల్లో బాగా వంగుతుంది. అరగంటలో ఆకు మధ్యకు చేరుతుంది. పక్క కాడలు కూడా అటే వంగుతాయి. ఒక్కో ఆకుకు ఎన్ని కాడలో తెలుసుకోవడానికి 31 ఆకుల మీద లెక్కపెట్టారు. సగటు 192. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అంత సన్నటి కాడల్ని 31 ఆకుల మీద ఒక్కొక్కటిగా లెక్కించారు. లెక్కలంటే భయమని చెప్పుకున్న మనిషి.

తర్వాత, నిజంగా అరుగుతోందా అని చూశారు. గుడ్డు తెల్లసొనను చిన్న చిన్న ఘనాలుగా కోసి పెట్టారు. ముందు అంచులు కరిగి గుండ్రమయ్యాయి, తర్వాత ముక్కే కరిగిపోయింది. ఆకు వదిలే రసంలో ఆమ్లం ఉందని తేలింది. దానిలో క్షారం కలిపితే అరుగుదల ఆగిపోయింది. మళ్లీ ఆమ్లం చేరిస్తే మళ్లీ మొదలైంది. మన కడుపులో జరిగేదీ ఇలాంటిదే. వేళ్లు సరిగా లేని ఒక మొక్కకు కడుపు దాని ఆకు మీదే ఉందని చెప్పుకోవచ్చు.

మన దేశంలో సర్జన్‌గా పనిచేసి పాముల మీద పెద్ద పుస్తకం రాసిన జోసెఫ్ ఫేరర్ ద్వారా నాగుపాము విషం తెప్పించి, అదీ వేసి చూశారు. జంతువును చంపే విషం ఈ మొక్కను చంపలేదు. పైగా కాడలు చురుగ్గా వంగాయి.

ఈగా, చినుకా?

ఇప్పుడు మా ఏడో తరగతి బాబు ప్రశ్న దగ్గరికి వద్దాం.

డార్విన్ ఆకుల మీద నీటి బొట్లు పైనుంచి పడేలా మళ్లీ మళ్లీ వేశారు. కాడలు కదల్లేదు. జోరువానలో ఉన్న మొక్కల్ని చూశారు. అప్పుడూ కదల్లేదు. కాడ తలను సూదితో ఒకటి రెండుసార్లు తాకి వదిలేస్తే చాలాసార్లు ఏమీ జరగలేదు. మూడు నాలుగుసార్లు తాకితే వంగింది. అంటే గాలికి గడ్డిపరక ఒకసారి తగిలి పోతే ఆకు పట్టించుకోదు. జిగురులో చిక్కుకున్న ఈగ తప్పించుకోవడానికి కాళ్లు కొట్టుకుంటుంది. అది ఆగని తాకిడి. అప్పుడు ఆకు మూసుకుంటుంది.

మరి బరువు? ఆయన ఒక వెంట్రుకను మిల్లీమీటరులో అయిదో వంతు పొడవుకు కత్తిరించి కాడ తల మీద పెట్టారు. బరువు మిల్లీగ్రాములో వెయ్యో వంతు కూడా లేదు. కాడ వంగింది. వేగంగా పడి జారిపోయే చినుకు బరువు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా దానికి వంగలేదు. తనకు పనికొచ్చే చిన్న తాకిడిని గుర్తుపడుతుంది, పనికిరాని పెద్ద తాకిడిని వదిలేస్తుంది. ప్రతి చినుక్కీ మూసుకుంటూ పోతే ఆ తడినేలలో మొక్కకు రోజంతా అదే పని అయిపోతుంది.

గాజు ముక్క పెడితే? పొరపాటున వంగుతుంది. కానీ అందులో అరిగేది ఏమీ లేదు గనక త్వరగా విచ్చుకుంటుంది. పురుగు దొరికితే ఒక రోజు నుంచి వారం దాకా మూసుకునే ఉంటుంది.

నమ్మని ఇద్దరు కొడుకులు

1862 తర్వాత వేరే పుస్తకాల పని పడి డార్విన్ ఈ మొక్కను పక్కన పెట్టారు. మళ్లీ పదేళ్లకు, 1872లో అందుకున్నారు. ఆ ఆలస్యం తనకు మేలే చేసిందని, ఇన్నేళ్ల తర్వాత తన పనిలోని తప్పుల్ని వేరేవాళ్ల పనిలో తప్పుల్లా చూడగలిగానని చెప్పుకున్నారు.

ఈసారి ఒక ఫలితం ఆయన్నే భయపెట్టింది. అమ్మోనియం ఫాస్ఫేట్ అనే లవణాన్ని నీళ్లలో ఎంత పలచన చేసినా ఆకు గుర్తుపడుతోంది. మిల్లీగ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో మూడు భాగాలంత లవణం ఒక కాడకు అందినా వంగుతోంది. తన లెక్క తప్పేమోనని ఆయన నిద్రపోలేదు. వేర్వేరు వేసవుల్లో, వేర్వేరు గిన్నెల్లో మళ్లీ మళ్లీ చేశారు. చివరికి ఇద్దరు కొడుకుల్ని పిలిచారు. వాళ్లూ ఆయనలాగే నమ్మలేదు. లవణం నీళ్లలో ఉంచిన ఆకుల్నీ, మామూలు నీళ్లలో ఉంచిన ఆకుల్నీ పక్కపక్కన పెట్టి వాళ్లే పోల్చి చూశారు. తేడా నిజమేనని వాళ్లు తేల్చాకే ఆయన మనసు కుదుటపడింది.

ఆ దృశ్యం ఊహించండి. దేశంలోకెల్లా పేరున్న శాస్త్రవేత్త. ఆయన మాట కొడుకులు నమ్మడం లేదు. ఆయన కోప్పడలేదు. నేను పెద్దవాణ్ని, చెప్పింది విను అనలేదు. నువ్వే చూసి చెప్పు అన్నారు.

1875 జూలైలో ఆ పుస్తకం అచ్చయింది. పేరుకు కీటకాహార మొక్కలన్నిటి గురించి అయినా అందులో సగానికి పైగా ఈ గుండ్రటి ఆకుల డ్రోసెరా ఒక్కదాని కథే. బొమ్మలు వేసింది జార్జ్, ఫ్రాన్సిస్ అనే కొడుకులు. అయినా కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. పురుగులు తినకపోయినా మొక్క బతుకుతుంది కదా, దానివల్ల లాభమేమిటన్నారు. దానికి జవాబు చెప్పింది ఫ్రాన్సిస్. 1877లో దాదాపు 200 మొక్కలు పెంచి, సగం మొక్కలకు కాల్చిన మాంసం చిన్న ముక్కలు పెట్టి, సగం వాటికి ఏమీ పెట్టకుండా చూశాడు. తిన్న మొక్కలకు విత్తనాలు రెట్టింపు కంటే ఎక్కువ వచ్చాయి. తండ్రి మొదలుపెట్టిన ప్రశ్నను కొడుకు ముగించాడు.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న డౌన్‌లోని ఇంట్లోనే చనిపోయారు. రాజులకూ న్యూటన్‌కూ చోటిచ్చిన వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన్నూ సమాధి చేశారు. కొడుకుల్లో ముగ్గురు, జార్జ్, ఫ్రాన్సిస్, హొరేస్, తర్వాత తండ్రిలాగే రాయల్ సొసైటీ ఫెలోలు అయ్యారు.

మన దగ్గర కూడా

డార్విన్ చూసిన గుండ్రటి ఆకుల జాతి చలిదేశాల బురదనేలలది. మన ఎండలకు అది నిలవదు. కానీ దాని చుట్టాలు మన దగ్గర ఉన్నాయి. డ్రోసెరా ఇండికా, డ్రోసెరా బర్మానీ అనే రెండు జాతులు తెలుగు రాష్ట్రాల్లో, తూర్పు కనుమల వైపు, వానాకాలం తర్వాత తడి ఆరని ఇసుక నేలల్లో కనిపిస్తాయి. చిన్న మొక్కలు. తెలియని వాళ్లు తొక్కుకుంటూ పోతారు. ఎప్పుడైనా కనిపిస్తే దయచేసి పెరకకండి. ఇంటికి తెచ్చి ఎరువు వేసిన కుండీలో పెడితే చనిపోతుంది. పేదనేలకు అలవాటైన మొక్కకు మంచి మట్టే విషం. ఇంగ్లండులో కూడా బురదనేలల్ని ఎండగట్టి, పీట్ తవ్వుకుపోవడం వల్ల చాలాచోట్ల ఈ మొక్క కనిపించకుండా పోయింది.

మీతో ఒక మాట

ఈ కథ చెప్పి, మార్కులు అక్కర్లేదు, ర్యాంకులు అక్కర్లేదు అని నేను అనను. అది అబద్ధమవుతుంది. డార్విన్ తండ్రికి ఆస్తి ఉంది. కొడుకు ఏ ఉద్యోగం చేయకపోయినా జరిగిపోయింది. మన పిల్లలకు ఆ సౌకర్యం లేదు. పేరెంట్స్ మీటింగ్‌లో ముందు ర్యాంకు ఎంత అని మీరు అడగడం వెనక ఉన్న భయం నాకు తెలుసు. ఫీజు ఎలా కడుతున్నారో కూడా నాకు తెలుసు. నన్ను కూడా అలాగే చదివించారు.

నేను చెప్పేది చిన్న విషయం. డార్విన్ తండ్రిగా ఏం చేశారో చూడండి. పెద్దబ్బాయి విలియంను పేరున్న రగ్బీ స్కూలుకు పంపారు. లాటిన్, గ్రీకు బట్టీతో వాడి ఆసక్తి చచ్చిపోతోందని దిగులుపడ్డారు. తర్వాతి అబ్బాయిల్ని లెక్కలు, సైన్సు ఎక్కువగా చెప్పే క్లాపమ్ గ్రామర్ స్కూలులో వేశారు. చదువు మాన్పించలేదు. చదువుతోపాటు ప్రశ్నకు చోటు ఉంచారు.

ఆ మరుసటి రోజు క్లాసులో ఆ బాబును నిలబెట్టి, నిన్న నువ్వడిగిన దానికి జవాబు నాకు తెలియదని, తెలియదని చెప్పలేక కూర్చోమన్నానని అందరి ముందూ చెప్పాను. వానచినుకుల ప్రయోగం, వెంట్రుక ముక్క ప్రయోగం చెప్పాను. సిలబస్‌లో ఒక పీరియడ్ వెనకబడ్డాం. ఇంకో శనివారం పెట్టుకుని పూర్తిచేశాం. బాబు శ్రద్ధగా విని, మరి ఆ రసం ఈగను అరిగించేస్తుంది కదా మిస్, ఆకును ఎందుకు అరిగించదు అన్నాడు. ఆ ప్రశ్న ఇప్పుడు మా క్లాసు బోర్డు పై మూల ఉంది. చెరపవద్దని రాసిపెట్టాను.

ఈ నెల ఇంట్లో మీరు ఒక పని చేయండి. మీ పిల్లలు అడిగిన ఒక ప్రశ్నకు జవాబు మీకు తెలియకపోతే, ఫోను తీయకుండా, చదువుకో ఫో అనకుండా, నాకు తెలియదు అనండి. తర్వాత ఇద్దరూ కలిసి ఎలా తెలుసుకోవచ్చో పది నిమిషాలు మాట్లాడుకోండి. చీమలకు చక్కెర ఇష్టమా, బెల్లం ఇష్టమా? అత్తిపత్తి ఆకును ఎన్నిసార్లు తాకితే అలిసిపోయి ముడుచుకోవడం మానేస్తుంది? లెక్కపెట్టండి, టైము రాయండి. ఆ కాగితం మీ పిల్లల చేత డైరీలో పెట్టించి పంపండి. మా క్లాసు నోటీసు బోర్డు మీద ర్యాంకుల జాబితా పక్కన దానికీ చోటు ఉంటుంది.